పాత కౌంటరు మూసే ముందు

సింగపూర్‌లో తంజోంగ్ పగార్ అనగానే ఇప్పటి కుర్రకారుకి ఆకాశహర్మ్యాలూ, కొరియా భోజనశాలలూ గుర్తుకొస్తాయి. కాస్త ముందుతరం వాళ్ళకి రైలు స్టేషను గుర్తుకొస్తుంది. 1932లో తెరిచిన ఆ స్టేషను సింగపూర్ గడ్డ మీదే ఉన్నా, దాన్ని నడిపింది మాత్రం మలయా రైల్వే. 1998 ఆగస్టులో సింగపూర్ తన ఇమ్మిగ్రేషన్ తనిఖీని ఉత్తరపు సరిహద్దులో ఉన్న ఉడ్‌లాండ్స్‌కి మార్చుకుంది. మలేషియా తన కౌంటరుని తంజోంగ్ పగార్‌లోనే ఉంచుకుంది. దాంతో ప్రయాణికుడు కాగితాల మీద ముందు మలేషియాలో ప్రవేశించి, రైలెక్కి ఉడ్‌లాండ్స్ దాకా వెళ్ళి, అప్పుడు సింగపూర్ నుంచి బయటికి వెళ్ళేవాడు! ఈ తిరకాసు 2011 జూన్ 30న స్టేషను మూతపడే దాకా, దాదాపు పదమూడేళ్ళు నడిచింది.

పాత కౌంటరూ కొత్త కౌంటరూ ఇలా పక్కపక్కనే బతకడం నాకేమీ వింతగా అనిపించలేదు. ఆ స్టేషనుకి దగ్గరలోని ఒక ఆఫీసులో నేను చేసిన ఉద్యోగమే అది. లినక్స్ కంప్యూటర్ల మీద నడిచే నెట్‌వర్కు సాఫ్ట్‌వేరుని చూసుకోవడం మా పని.

కంప్యూటరు భాషలో కెర్నెల్ అంటే గింజ. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలుండే గింజ అన్నమాట. మనం వాడే ప్రోగ్రాములేవీ ఆ గింజని నేరుగా ముట్టుకోవు. ఒక కౌంటరు దగ్గర నిలబడి కావలసింది అడుగుతాయి. ఆ కౌంటరునే ఇంటర్‌ఫేస్ అంటారు. లినక్స్‌లో నెట్‌వర్కు కాపలా పనికి 1999లో వచ్చిన 2.2 కెర్నెల్లో ఐపీచెయిన్స్ అనే కౌంటరుండేది. 2001 జనవరిలో వచ్చిన 2.4లో దాని స్థానంలో ఐపీటేబుల్స్ వచ్చింది. రెండింటి వెనకా ఉన్న ప్రధాన వ్యక్తి ఒక్కరే, రస్టీ రస్సెల్. కొత్తది తెచ్చాం కదా అని ఆయన పాతదాన్ని ఆ రోజే మూసెయ్యలేదు. పాత ఆదేశాలని కూడా అర్థం చేసుకునే ఒక వంతెన మాడ్యూలుని 2.4లో పెట్టారు. ఆ తరవాతి 2.6 వరసలో, కొంతకాలం గడిచాక, ఆ వంతెననీ తీసేశారు. కెర్నెల్ మారినంత మాత్రాన వాడేవాళ్ళ ప్రోగ్రాములు ఆగిపోకూడదన్నది లినస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ పట్టుబట్టే సూత్రం. అలాంటి చోట కూడా ఒక్కోసారి పాతదానికి వీడ్కోలు చెప్పక తప్పదు.

కానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా మారరు. వెనకగదిలో మూలనున్న కంప్యూటరు నడుస్తున్నంతకాలం దాన్ని ఎవరూ కదపరు. 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 కెర్నెల్‌కి 2016 దాకా మరమ్మతులు చేస్తూనే ఉన్నారంటే, పాతవాటి ఆయుష్షు ఎంతో ఊహించుకోవచ్చు. అంచేత మా ప్రోగ్రాము మొదలవగానే "ఇక్కడ ఏ కౌంటరు తెరిచి ఉంది?" అని చూసుకుని, దాన్నిబట్టి మాట్లాడేది. కెర్నెల్ నంబరుని నమ్మడానికి లేదు. పంపిణీదారులు కొత్త సౌకర్యాలు తెచ్చి పాత నంబరున్న కెర్నెల్లోనే అతికిస్తూంటారు. పేరు చూసి కాదు, పని చూసి తెలుసుకోవాలి.

ఇదంతా ఈ సంచికలో ఎందుకంటారా? సరిగ్గా ఇదే కథ మన తెలుగు అక్షరానికీ జరిగింది కనక.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకి చోటు దక్కింది. కానీ దాన్ని తెరమీద చూపించగల విండోస్ రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటూ వచ్చింది. అప్పుడు కూడా సెట్టింగుల్లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తేగాని అక్షరాలు కుదురుగా కనపడేవి కావు. విండోస్ 98 వాడుతున్నవాళ్ళకి ఆ అదృష్టమూ లేదు. అందుకే మన పత్రికలు సొంత ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. సావనీర్లని అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో కూర్చేవారు. ఆ ఫాంట్లు దాచేది అక్షరాన్ని కాదు, అక్షరం ఆకారాన్ని. ఒక ఫాంటులో గుడికి వాడిన నంబరు మరో ఫాంటులో ఏ వత్తుకో ఉంటుంది. ఫాంటు పోతే మిగిలేది పిచ్చిగీతలు.

ఈ రెంటికీ మధ్య వంతెనలు కట్టినవాళ్ళు మనలోనే ఉన్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయించింది. లేఖిని వచ్చాక, ఏ సాఫ్ట్‌వేరూ దించుకోకుండా బ్రౌజరులోనే యూనికోడ్ తెలుగు రాయడం సాధ్యమైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున గారు, ఫైర్‌ఫాక్స్ కోసం పద్మ అనే పొడిగింపుని తయారుచేశారు. అది పత్రికల పాత ఫాంట్లని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పాత కౌంటరు దగ్గరున్నవాళ్ళని ఎవరూ గెంటెయ్యలేదు. చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చారు.

అయితే వంతెనలకీ వయసుంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతి పొడిగింపులన్నిటికీ తలుపు మూసేశారు. కొత్త పద్ధతిలో తిరగరాస్తే తప్ప అవి నడవవు. అంటే పాతని కొత్తకి కలిపే పనిముట్టు కూడా ఒకనాటికి పాతదైపోతుంది. అందుకని వంతెన ఉన్నంతలోనే సామాను దాటించుకోవాలి.

ఇప్పుడు మన సంగతి. ప్రతి సంఘం బీరువాలోనూ పాత సావనీర్ల సీడీలుంటాయి. వాటిలో కథలూ, వ్యాసాలూ రాసిన పెద్దలు కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. పీడీఎఫ్ ఉందిగా అనుకుంటే చాలదు. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ కంటికి కనపడుతుందే గాని, వెతికితే అందులో ఒక్క తెలుగు మాటా దొరకదు. సంపాదకవర్గాలకి నా మనవి ఇది: ముందు మూల ప్రతినీ, దాంతోపాటు దానికి వాడిన ఫాంటునీ కలిపి భద్రపరచండి. తరవాత యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక ఒక మనిషిచేత అచ్చుప్రతితో పోల్చి చదివించండి. యంత్రం వత్తుల దగ్గరా, క్రావడి దగ్గరా తడబడుతుంది. అదయ్యాకనే పాత ఫైలుని పక్కన పెట్టండి.

యూనికోడ్ వారి నియమం ఒకటుంది. 1996 నాటి 2.0 ప్రమాణం తరవాత, ఒకసారి చోటిచ్చిన అక్షరాన్ని తీసెయ్యరు, కదపరు. ఆ గట్టుకి చేర్చిన తెలుగు మాట మన మనవలకి కూడా దొరుకుతుంది. చేర్చవలసినవాళ్ళం మాత్రం, ఆ పాత కంప్యూటర్ల ముందు కూర్చుని ఆ సావనీర్లు కూర్చిన మనమే.