పొగ చెప్పిన లెక్క

ఇంజన్‌లోకి పెట్రోలు ఎంత వెళ్తోంది, గాలి ఎంత వెళ్తోంది అన్న లెక్కను మెకానిక్‌లు చాలాకాలం స్పార్క్ ప్లగ్ విప్పి చదివారు. కొన మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. చెయ్యి తిరిగినవాళ్ల కన్ను పెద్దగా పొరబడేది కాదు. అయినా ప్లగ్ చెప్పేది జరిగిపోయిన సంగతే.

నడుస్తుండగానే తెలుసుకోవాల్సిన అవసరం విమానాలకు ముందు వచ్చింది. 1937లో అమీలియా ఇయర్‌హార్ట్ నడిపిన లాక్‌హీడ్ ఎలక్ట్రాలో కేంబ్రిడ్జ్ ఎగ్జాస్ట్ అనలైజర్ ఉండేది. పొగలోని వాయువులు వేడిని ఎంత త్వరగా లాగేస్తున్నాయో చూసి అది మిశ్రమం పాళ్లు చూపేది.

కార్లలోకి ఈ విద్య కాలుష్య చట్టాల పుణ్యమా అని వచ్చింది. బాష్ కంపెనీ తయారుచేసిన జిర్కోనియా సెన్సర్‌ను 1976లో వోల్వో తన కార్లకు అమర్చి కాలిఫోర్నియాకు పంపింది. సెన్సర్‌కు ఒకవైపు పొగ తగులుతుంది, ఇంకోవైపు బయటి గాలి. రెండింటి ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉన్నచోట మిశ్రమం పలచబడేకొద్దీ అది సుమారు 0.9 వోల్టుల నుంచి 0.1కి ఒక్కసారిగా పడిపోతుంది. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఆ ఒక్క గీత తెలిస్తే చాలు.

టర్బో కార్లకు అది చాలదు. టర్బో గాలిని ఒత్తిడితో నెట్టే బూస్ట్‌లో మిశ్రమం చాలా ఇంజన్లకు 12 దగ్గరో, ఇంకా చిక్కగానో ఉండాలి. పలచబడితే మిశ్రమం అదుపు తప్పి పేలే డిటోనేషన్ మొదలై పిస్టన్ కరగొచ్చు. ఔత్సాహికులు ఆ పాత సెన్సర్ తీగకే ఇంకో తీగ కలిపి, డాష్‌బోర్డు మీద ఎల్‌ఈడీల గేజీ పెట్టుకున్నారు. మామూలు ప్రయాణంలో దీపాలు అటూ ఇటూ పరుగెత్తేవి, ఎందుకంటే కంప్యూటర్ మిశ్రమాన్ని కావాలనే ఊపుతూ ఉంటుంది. పూర్తి బూస్ట్‌లో మాత్రం పెట్రోలు ఎక్కువ ఉందని చెప్పే చివరి దీపం వెలిగేది. నిష్పత్తి 11 అయినా 13 అయినా దాదాపు అదే దీపం! డ్రైవరుకు అంతకన్నా ప్రమాదకరమైన భరోసా లేదు.

అసలు అంకె చెప్పగల వైడ్‌బ్యాండ్ సెన్సర్ పుట్టింది వేగం కోసం కాదు, పొదుపు కోసం. 1992 హోండా సివిక్ వీఎక్స్ పలచని మిశ్రమంతో మైలేజీ సాధించడానికి దాన్ని వాడింది. ఇందులో ఒక బుల్లి గది ఉంటుంది. అక్కడ మిశ్రమం ఎప్పుడూ సమతూకంలో ఉండేలా కరెంటుతో ఆక్సిజన్‌ను లోపలికో బయటికో తోస్తారు. అందుకు పట్టిన కరెంటే కొలత. తర్వాత బాష్ ఎల్‌ఎస్‌యూ సెన్సర్లు వచ్చాక టర్బో గేజీలకు అదే ప్రాణమైంది.

బిగించేటప్పుడు సెన్సర్‌ను టర్బైన్ దాటిన తర్వాతే పెడతారు. దానికి ముందున్న పొగ ఒత్తిడి కొలతను చెడగొడుతుంది. హీటర్‌కు ఫ్యూజుతో 12 వోల్టులు ఇవ్వాలి. ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది ఎర్త్ తీగ, అసలు శ్రద్ధ పెట్టాల్సిందీ దానిమీదే. 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్ 10 నుంచి 20 నిష్పత్తిని సూచించే గేజీలో, ఎర్త్ దగ్గర 0.1 వోల్టు తేడా వస్తే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చదివే అంకె 0.2 పక్కకు జరుగుతుంది. కాబట్టి సిగ్నల్ ఎర్త్‌ను దొరికిన బోల్టుకు కట్టేయకుండా ఈసీయూ ఎర్త్ ఉన్నచోటికే తీసుకెళ్లి బిగించాలి.