రాగిచెంబునుండి రసాయనశాలకు

రాత్రి రాగిచెంబున నీరుంచి ప్రాతఃకాలమున త్రావుట మన యిండ్ల నెఱిగిన యాచారమే. రాగి సూక్ష్మక్రిములను చంపగలదని నేటి పరీక్షలును చెప్పుచున్నవి. అయితే మోతాదు మించినచో నా లోహము మనుజునకును విషమే. క్రిమికి శత్రువై రోగికి మిత్రమగునట్లు లోహము నెట్లు మలచుకొనవలెను? ఆ ప్రయత్నములలో నొకదాని చరిత్ర యిది.

ఇటలీలో పనిచేయుచుండిన హ్యూగో షిఫ్ అను జర్మను రసాయనజ్ఞుడు 1864లో ఆల్డిహైడును అమైనుతో కలిపెను. నీరు తొలగిపోగా, కర్బనమును నత్రజనియు జంటబంధముతో నిలిచిన పదార్థ మేర్పడెను. అవియే షిఫ్ క్షారములు. వానిలోని నత్రజని తన యెలక్ట్రానుల జంటతో లోహమును పట్టుకొనును. ఇట్టి పట్టుల స్వరూపమును 1893లో వివరించిన ఆల్ఫ్రెడ్ వెర్నరునకు 1913లో నోబెలు బహుమాన మొసగబడెను.

ఈ విద్య మనకు దూరము కాదు. మహబూబాబాదు 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిదే. ఆ వరంగల్లున 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమునందును, హైదరాబాదున 1918లో వెలసిన ఉస్మానియాయందును పరిశోధకులు షిఫ్ క్షారములను రాగి, నికెలు, కోబాల్టు మొదలగు లోహములతో కూర్చి క్రిములపై పరీక్షించియున్నారు. గాజుపళ్లెములో క్రిములను పెంచి, నడుమ మందునుంచి, దానిచుట్టు క్రిములు పెరుగని వలయమును కొలుతురు. పెక్కుమాఱులు వట్టి క్షారముకంటె లోహముతో గూడినదే బలవత్తరమని తేలినది. ఆ కూడికవలన లోహపు విద్యుదావేశము కొంత పంచుకొనబడి, పదార్థము క్రిమికణపు క్రొవ్వుపొరను సులభముగ దాటునని దానికి చెప్పు కారణము.

కాని వలయ మేర్పడినంతమాత్రమున ఔషధము పుట్టినట్లు కాదు. 1935లో డోమాకు ప్రకటించిన ప్రాంటోసిల్ గాజుపాత్రలో క్రిమిని చంపలేదు. ఎలుకలను మాత్రము బ్రతికించినది. శరీరములో విడిపోయినప్పుడే యది మందయ్యెను. పళ్లెపు తీర్పు వేఱు, దేహపు తీర్పు వేఱు.

మఱియొక నిదర్శనము చూడుడు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నుండిన లెడర్లీ ప్రయోగశాలలలో బెంజమిన్ డగ్గరు కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెల్లడియయ్యెను. అది షిఫ్ క్షారము కాకపోయినను లోహమును పట్టుటలో దానికి తోడే. మెగ్నీషియముతో గూడియే యది క్రిమిలో మాంసకృత్తుల నిర్మాణము నాపును. పాలలోని కాల్షియమును పట్టుకొని తన శక్తిని కోల్పోవునదియు, ఎదుగు పిల్లల పండ్లకు మచ్చ తెచ్చునదియు నా పట్టే.

కావున క్రొత్త పదార్థము క్రిములను చంపినదని విన్నప్పుడు సంతసింతము గాక! కాని, అది రోగిని కాపాడినదా యని యడుగుట మఱవరాదు. ఆ ప్రశ్నయే శాస్త్రమునకు వివేకము, గృహమునకు రక్ష.