సిగ్నల్ ఎవరిని చూస్తోంది?

ప్రపంచంలో మొట్టమొదటి ట్రాఫిక్ సిగ్నల్‌ని 1868 డిసెంబరులో లండన్‌లో, పార్లమెంటు భవనం దగ్గర పెట్టారు. అప్పటికి మనకి తెలిసిన కారు ఇంకా పుట్టనే లేదు. రోడ్డు నిండా గుర్రపు బళ్ళు, సరుకు బళ్ళు, గుర్రాలు లాగే బస్సులు. ఆ బళ్ళ రద్దీని దారిలో పెట్టడానికే సిగ్నల్ వచ్చి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ దాన్ని పెట్టింది ముఖ్యంగా కాలినడకన రోడ్డు దాటేవాళ్ళ కోసం. ఆ నడిచేవాళ్ళలో పార్లమెంటు సభ్యులు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

దాన్ని రూపొందించిన జాన్ పీక్ నైట్ రైల్వే మనిషి. రైళ్ళని ఆపే పద్ధతినే రోడ్డు మీదకి తెచ్చాడు. పాత రైల్వే స్టేషన్ల దగ్గర రెక్క వాలే సిగ్నల్ స్తంభాలు చూసినవాళ్ళకి దాని రూపం వెంటనే అర్థమవుతుంది. రెక్కలు అడ్డంగా చాచి ఉంటే ఆగాలి, ఏటవాలుగా వాలి ఉంటే జాగ్రత్తగా పోవచ్చు. రాత్రిళ్ళు ఎర్ర, ఆకుపచ్చ గ్యాస్ దీపాలు. కింద నిలబడి వాటిని నడిపేందుకు ఒక పోలీసు కానిస్టేబులు. పోలీసు కమిషనర్ దీని గురించి ఒక నోటీసు కూడా వేయించాడు. దాని సారాంశం ఇది: జాగ్రత్త అని చూపిస్తే బళ్ళవాళ్ళు నడిచేవాళ్ళ క్షేమం చూసుకుంటూ పోవాలి. ఆగమని చూపించేది మాత్రం, మనుషులు దాటడానికి బళ్ళని నిజంగా ఆపాల్సి వచ్చినప్పుడే.

నెల తిరక్కుండానే, 1869 జనవరిలో, గ్యాస్ లీకై ఆ సిగ్నల్ పేలింది. నడుపుతున్న కానిస్టేబులు గాయపడ్డాడు. కొన్నాళ్ళకి దాన్ని పీకేశారు. టెక్నాలజీ చరిత్రలు సాధారణంగా ఈ పేలుడుని ఒక తమాషాగా చెప్పి ముందుకెళ్ళిపోతాయి. నా మటుకు నాకు పేలుడు కంటే ఆ నోటీసే ఆసక్తికరం. సిగ్నల్ అనే వస్తువు పుట్టినప్పుడు అది ఎవరిని చూసిందో, ఎవరి కోసం ఎవరిని ఆపిందో అందులో స్పష్టంగా ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. ఏ ప్రోగ్రామునైనా అర్థం చేసుకోవాలంటే మేం అడిగే ప్రశ్నలు రెండు: దీనికి ఇన్‌పుట్ ఏమిటి? ఇది దేన్ని తగ్గించాలని, దేన్ని పెంచాలని చూస్తోంది? నూట యాభై ఏళ్ళ ట్రాఫిక్ టెక్నాలజీ చరిత్రని ఈ రెండు ప్రశ్నలతో చదివితే, ఒక మనిషి మెల్లమెల్లగా లెక్కలోంచి జారిపోవడం కనిపిస్తుంది.

*

సిగ్నల్ మళ్ళీ గట్టిగా నిలదొక్కుకున్నది అమెరికాలో. 1914 ఆగస్టు 5న క్లీవ్‌లాండ్ నగరంలో జేమ్స్ హోగ్ డిజైన్ చేసిన ఎలక్ట్రిక్ సిగ్నల్ పెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ, రెండే రంగులు. పక్కన బూత్‌లో కూర్చున్న పోలీసు స్విచ్ నొక్కుతాడు. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ మధ్యలో పసుపు రంగు చేర్చాడు. 1923లో క్లీవ్‌లాండ్‌కే చెందిన నల్లజాతి ఆవిష్కర్త గారెట్ మోర్గాన్ తన సిగ్నల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అందులో అన్ని దిక్కుల వాహనాలూ ఒకేసారి ఆగిపోయే స్థితి ఒకటుంది. ఆ సమయంలో మనుషులు నింపాదిగా దాటొచ్చు. ఆ హక్కుల్ని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 40 వేల డాలర్లకి కొనుక్కుంది.

ఇక్కడిదాకా సిగ్నల్ వెనక ఒక మనిషి ఉన్నాడు. అతను బద్ధకస్తుడు కావచ్చు, లంచగొండి కావచ్చు. కానీ అతనికి కళ్ళున్నాయి. చంకలో పిల్లతో ఒకావిడ అంచున నిలబడితే అతనికి కనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీధి అర్థం మారిపోవడం మొదలైంది. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో రాసిన 'ఫైటింగ్ ట్రాఫిక్' అనే పుస్తకం ఈ మార్పు గురించే. అప్పటిదాకా వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవాళ్ళు, బళ్ళవాళ్ళు సరుకులమ్ముకునేవాళ్ళు, జనం ఎక్కడ కావాలంటే అక్కడ దాటేవాళ్ళు. కార్లు పెరిగి చావులు పెరిగినప్పుడు మొదట్లో జనం కారునే తిట్టారు. ఆ తర్వాత కార్ల సంఘాలూ కంపెనీలూ గట్టిగా ప్రచారం చేసి నేరాన్ని నడిచేవాడి మీదకి తిప్పాయి. ఈ ప్రచారంలో బాగా పనికొచ్చిన మాట 'జేవాకర్'. జే అంటే అప్పటి అమెరికన్ యాసలో పల్లెటూరి బైతు. బస్తీలో నడవడం చేతకాని బైతు అన్నమాట! 1925లో లాస్ ఏంజెలెస్ తెచ్చిన నిబంధనలు నడిచేవాళ్ళని గీతల మధ్యకి, సిగ్నల్ కిందకి తీసుకొచ్చాయి. తర్వాత చాలా నగరాలు ఆ దారే పట్టాయి. ఒక్క తిట్టు ఇంత పని చేసిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవనుకుంటా.

*

ప్రతి కూడలిలోనూ పోలీసుని నిలబెట్టడం ఖర్చు. కాబట్టి యంత్రానికే ఇంద్రియాలు కావాలి. మొదట వచ్చిన వాటిలో ఒకటి చెవి. 1928లో బాల్టిమోర్‌లో చార్లెస్ అడ్లర్ శబ్దానికి స్పందించే సిగ్నల్ పెట్టాడు. బండి ఆపి హారన్ కొడితే మైక్రోఫోను విని లైటు మారుస్తుంది. మన డ్రైవర్లు ఇప్పటికీ ఇదే సిద్ధాంతాన్ని నమ్ముతున్నారని వేరే చెప్పక్కర్లేదు. 2020 జనవరిలో ముంబయి ట్రాఫిక్ పోలీసులు దీన్ని తిరగేసిన ప్రయోగం వీడియో ఒకటి విడుదల చేశారు. హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే రెడ్ లైట్ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఎంత మోగిస్తే అంత ఆగాలి. 92 ఏళ్ళ తేడాతో వచ్చిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నవ్వాగదు.

చెవి తర్వాత, 1960లలో, స్పర్శ వచ్చింది. రోడ్డుని సన్నగా కోసి, అందులో తీగ చుట్టలు పాతి, పైన తారు పూస్తారు. తీగలో కరెంటు పారుతుంటుంది. పైకి ఒక లోహపు వాహనం రాగానే ఆ చుట్ట ఇండక్టెన్స్ మారుతుంది, బండి వచ్చిందని కంట్రోలర్‌కి తెలుస్తుంది. చవకైన, మొండి పరికరం. ప్రపంచవ్యాప్తంగా కొన్ని దశాబ్దాలపాటు ట్రాఫిక్ ఇంజనీర్లకి ఇదే కన్ను. కాకపోతే ఈ కన్ను లోహాన్నే చూస్తుంది. టన్ను బరువున్న కారు కనిపిస్తుంది, అరవై కిలోల మనిషి కనిపించడు.

1963లో టొరంటో నగరం తన సిగ్నళ్ళని కంప్యూటర్‌కి అప్పజెప్పింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి నగరం అదే. 1970లలో రెండు పెద్ద వ్యవస్థలు వచ్చాయి. ఒకటి ఆస్ట్రేలియాలో, సిడ్నీ కోసం తయారైన స్కాట్స్. రెండోది బ్రిటన్‌లో తయారై గ్లాస్గోలో పరీక్షలు జరుపుకున్న స్కూట్. ముందే రాసిపెట్టుకున్న టైమింగులు కాకుండా, అప్పటికప్పుడు వస్తున్న వాహనాల్ని చూసి గ్రీన్ ఎంతసేపో, సైకిల్ ఎంతో, ఒక కూడలికీ మరో కూడలికీ మధ్య తేడా ఎంతో సర్దుకుంటూ పోతాయివి. ఇంజనీరింగ్‌గా చూస్తే అందమైన పని, ఆ పేపర్లు చదువుతుంటే ముచ్చటేస్తుంది. స్కూట్ తగ్గించాలని చూసేది వాహనాల ఆలస్యాన్నీ, అవి ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చిందన్నదాన్నీ. మా వృత్తిలో ఒక చేదు సత్యం ఉంది: సూత్రంలో లేనిది ఎంత నష్టపోయినా ప్రోగ్రాముకి పట్టదు. అంచున నిలబడ్డవాడు ఎంతసేపు నిలబడ్డాడో కొలిచే తీగ ఏదీ ఆ రోడ్డులో లేదు.

నడిచేవాడికి మిగిలింది బటన్. 1962లో లండన్ వాటర్లూ స్టేషన్ ఎదుట 'పాండా' క్రాసింగ్ పెట్టారు. దాని మినుకు మినుకు లైట్ల భాష ఎవరికీ సరిగా అర్థం కాక కొన్నేళ్ళకే మూలపడింది. 1969లో 'పెలికాన్' వచ్చింది. ఎర్ర మనిషి, పచ్చ మనిషి బొమ్మలతో అది నిలబడింది. మన నగరాల్లో ఈమధ్య కనిపిస్తున్న పెలికాన్ సిగ్నళ్ళకి మూలం అదే. మంచి ఆవిష్కరణే. కానీ బండి వస్తే దానంతటదే తెలిసిపోతుంది, మనిషి మాత్రం బటన్ నొక్కి అర్జీ పెట్టుకోవాలి.

అర్జీ మంజూరైనా గడువు ఎవరి కాళ్ళని చూసి పెట్టారన్నది ఇంకో ప్రశ్న. అమెరికా మాన్యువల్ ఏళ్ళ తరబడి మనిషి సెకనుకి 4 అడుగులు నడుస్తాడని లెక్కవేసి, 2009లో దాన్ని 3.5 అడుగులు చేసింది. అర అడుగు తేడా ఏం లెక్క అనిపించొచ్చు. 70 అడుగుల రోడ్డుకి ఆ తేడా రెండున్నర సెకన్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది డివైడర్ అందడమా, అందకపోవడమా అన్న తేడా.

*

ఇదంతా రోడ్డుని అదుపు చేసే కథ. ప్రయాణికుడికి కబురు చెప్పే కథ దీని పక్కనే నడిచింది. 1974లో పశ్చిమ జర్మనీలో ట్రాఫిక్ వార్తలిచ్చే స్టేషన్‌ని కారు రేడియో గుర్తుపట్టే వ్యవస్థ మొదలైంది. అమెరికా 1960ల చివర్లో కూడలి కూడలికీ పరికరాలు పాతి డ్రైవర్‌కి దారి చెప్పాలని చూసి, ఖర్చు చూసి వదిలేసింది. జపాన్ వదల్లేదు. 1973 నుంచి టోక్యోలో ప్రయోగాలు చేసి, చివరికి 1996లో వీఐసీఎస్ పేరుతో కార్ల తెరల మీదకి రద్దీ సమాచారాన్ని తెచ్చింది. అన్నిటికీ ఒకటే అడ్డంకి. రోడ్డు పక్కన ఎవరో ఒకరు వేలకొద్దీ పరికరాలు పాతాలి.

2009లో గూగుల్ మ్యాప్స్ ఫోన్ల నుంచే రద్దీ లెక్కలు తీసుకోవడం మొదలుపెట్టాక ఆ అడ్డంకి తొలగిపోయింది. పాతాల్సిన పరికరాన్ని జనమే డబ్బిచ్చి కొనుక్కుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మనిషి మళ్ళీ లెక్కలోకి వచ్చాడు కదా అనిపిస్తుంది. అంత సంబరం అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో జర్మన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ ఒక వీడియో పెట్టాడు. చిన్న చేతిబండిలో 99 ఫోన్లు వేసుకుని, బెర్లిన్ వీధుల్లో లాక్కుంటూ నెమ్మదిగా నడిచాడు. ఖాళీ వీధి మ్యాపులో ఎర్రబారింది. దీన్ని మోసం అన్నారు, హ్యాక్ అన్నారు. నాకు కనిపించింది వేరు. నడిచే ఒక్క మనిషి ఆ మ్యాపుకి లెక్క కాదు. అదే మనిషి 99 ఫోన్లతో నడిస్తే అతను ఇరుక్కుపోయిన కార్ల గుంపయ్యాడు. నడుస్తున్న మనిషి మనిషిగా మాత్రం ఆ తెర మీద ఎప్పుడూ లేడు.

ఫోన్ లేకుండా ఇంటి ముందు కూర్చున్నవాడూ లేడు. న్యూజెర్సీలోని లియోనియా అనే చిన్న ఊరికి ఇది అనుభవమైంది. హైవే మీద జామ్ కాగానే మ్యాపులు కార్లని ఆ ఊరి సందుల్లోకి మళ్ళించేవి. ఒక్కో డ్రైవర్‌కీ అది మంచి సలహానే, ఊరికి మాత్రం నరకం. 2018 జనవరిలో రద్దీ వేళల్లో దాదాపు 60 వీధుల్లోకి బయటివాళ్ళు రాకూడదని అక్కడివాళ్ళు నిబంధన పెట్టుకున్నారు. ఎవరి మేలు వాళ్ళు చూసుకుంటే అందరికీ ఆలస్యం పెరగొచ్చని డీట్రిచ్ బ్రెస్ అనే జర్మన్ గణితవేత్త 1968లోనే లెక్కగట్టి చూపించాడు. ఆయన లెక్కలో ఉన్నది కూడా వాహనాల ఆలస్యమే. వీధిలో క్రికెట్ ఆడే పిల్లల ఆట ఆగిపోవడాన్ని ఏ యూనిట్లలో కొలుస్తాం?

*

మన దగ్గరికి వద్దాం. లేన్లు పాటించే కార్ల కోసం పుట్టిన తీగ చుట్టలు మన రోడ్ల మీద తడబడతాయి. ఒక లేన్‌లో రెండు బైకులు, ఒక ఆటో, మధ్యలో తోపుడుబండి. ఈ కలగాపులగం ట్రాఫిక్ కోసమే తిరువనంతపురంలోని సీ-డాక్ కాసికాస్ట్ అనే సొంత పద్ధతిని తయారుచేసింది. 2023లో గూగుల్ తన గ్రీన్ లైట్ ప్రాజెక్టు నడుస్తున్న 12 నగరాల పేర్లు ప్రకటిస్తే అందులో హైదరాబాదూ ఉంది. రోడ్డులో ఏమీ పాతక్కర్లేదు, మ్యాపుల డేటా చూసి ఫలానా కూడలిలో గ్రీన్ కొన్ని సెకన్లు మార్చమని సూచిస్తుంది. వాహనాలు ఆగాల్సి రావడం 30 శాతం దాకా తగ్గొచ్చని కంపెనీ మాట. పొగ తగ్గితే నడిచేవాడి ఊపిరితిత్తులకీ మంచిదే, కాదనను. కానీ వాహనాలు ఆగడం తగ్గిందంటే, వాహనాలు ఆగినప్పుడు మాత్రమే దాటగలిగేవాడి సంగతేమిటి? ఆ సంఖ్య పక్కన ఇంకో సంఖ్య కూడా వేస్తే బాగుండేది.

వేయాల్సిన సంఖ్యలు లేక కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడుస్తున్నవాళ్ళు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. సెన్సర్లకి అందని మనిషి చివరికి ఈ పట్టికలో లెక్కకొస్తున్నాడు.

టెక్నాలజీకి ఈ మనిషిని చూడటం చేతకాక కూడా కాదు. సింగపూర్ 2009లో 'గ్రీన్ మ్యాన్ ప్లస్' అని ఒకటి మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు తమ రాయితీ కార్డుని స్తంభానికి ఆనిస్తే, దాటడానికి రోడ్డు వెడల్పుని బట్టి 3 నుంచి 13 సెకన్లు ఎక్కువిస్తుంది. బస్సు కోసం ఉన్న కార్డే, బటన్ కోసం ఉన్న స్తంభమే. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఎవరిని చూడాలో నిర్ణయించుకున్నారంతే.

మన ఊళ్ళలో రోడ్డు ఎలా దాటుతామో అందరికీ తెలిసిందే. చెయ్యి అడ్డంగా చాచి, వచ్చే బండివాడి కళ్ళలోకి చూస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ దాటుతాం. జాన్ పీక్ నైట్ పెట్టిన రెక్క ఇలా మన ఒంటికే మొలిచింది. ఇక మీదట ఏ కూడలిలోనైనా స్మార్ట్ సిగ్నల్ పెట్టామని, ఇన్ని నిమిషాలు ఆదా అయ్యాయని వార్త వస్తే, ఆ నిమిషాలు ఎవరివని అడగండి. రోడ్డంచున చెయ్యి చాచి నిలబడ్డవాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో ఎవరైనా కొలిచారా అని కూడా అడగండి.