బాలగోపాల్ హక్కుల ఆచరణలో తర్కపద్ధతి: ఒక పరిశీలన

కె. బాలగోపాల్ (1952–2009) గణితాన్ని వదిలేసి పౌరహక్కుల ఉద్యమంలోకి వచ్చారని తరచు చెప్పుకుంటాం. ఉద్యోగం వరకు అది నిజమే. ఆలోచనా పద్ధతిని చూస్తే మాత్రం ఆయన గణితాన్ని వదల్లేదని ఈ వ్యాసం వాదన. సిద్ధాంతాన్ని నిరూపించేటప్పుడు పాటించే క్రమశిక్షణనే ఆయన నిజనిర్ధారణకూ, సొంత ఉద్యమంపై విమర్శకూ, చివరికి హైకోర్టు వాదనకూ వర్తింపజేశారు.

బళ్లారిలో పుట్టిన బాలగోపాల్ సాహిత్యవేత్త రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మనవడు. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో గణితంలో డాక్టరేటు చేశారు. కొంతకాలం ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండి, 1981లో కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. మరో రెండేళ్లకు, 1985 సెప్టెంబరు 3న, వరంగల్‌లో సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ ఏడాదే బాలగోపాల్ జైలుపాలయ్యారు. విశ్వవిద్యాలయ ఉద్యోగమూ అంతటితో ముగిసింది. 1989లో ఒక ముఠా ఆయన్ను అపహరించింది. ఇవన్నీ తెలిసిన సంగతులే. వీటినే చెప్పుకుంటూ ఆయన్ను త్యాగమూర్తిగా నిలబెట్టి ఊరుకోవడం వల్ల, ఆయన ఏం ఆలోచించారన్నది వెనక్కి పోయింది.

డి.డి. కోశాంబిని తెలుగు పాఠకులకు పరిచయం చేస్తూ ఆయన పుస్తకం రాయడం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కోశాంబి కూడా గణితవేత్తే. గణితం నుంచి చరిత్రకు వెళ్లిన ఆయనలో బాలగోపాల్‌కు దగ్గరితనం కనిపించి ఉంటుందని నా ఊహ. సాక్ష్యం నిర్ణయించిన చోటికే వెళ్లడం, అది చాలని చోట ఆగిపోవడం ఇద్దరి రాతల్లోనూ కనిపించే గుణం.

ఈ గుణానికి అసలు పరీక్ష తొంభైల్లో ఎదురైంది. రాజ్యహింసను ప్రశ్నించే సంఘం నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించాలా అన్న చర్చ పౌరహక్కుల సంఘాన్ని కుదిపేసింది. మనిషి ప్రాణానికి విలువ ఉందన్నది మూలసూత్రమైతే, చంపింది ఎవరన్నదాన్ని బట్టి ఆ సూత్రం మారకూడదని బాలగోపాల్ పట్టుబట్టారు. రాజ్యమూ ఉద్యమమూ ఒకటేనని ఆయన అనలేదు. రాజ్యానికి చట్టబద్ధమైన బాధ్యత ఉంది కాబట్టి దాన్ని నిలదీసే తీరు వేరుగా ఉంటుందని ఒప్పుకుంటూనే, ఉద్యమం చేసిన హత్యపై మౌనం పాటించడం సూత్రభంగమన్నారు. పదిహేనేళ్లు భుజాన మోసిన సంఘాన్ని వదిలి, మరికొందరితో కలిసి 1998 అక్టోబరులో మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఆ వేదిక హక్కుల పరిధిని కులం, స్త్రీలపై హింస, నిర్వాసితుల సమస్యల వైపు విస్తరించింది. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచార ఆరోపణ చేసిన ఆదివాసీ స్త్రీల పక్షాన నిలబడింది.

న్యాయశాస్త్రం చదివి, నలభై దాటాక నల్లకోటు వేసుకున్న బాలగోపాల్ పనిలో ఆ తర్కం అతి స్పష్టంగా కనిపించేది ఎన్‌కౌంటర్ల కేసులో. పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే, చనిపోయినవారి మీదే హత్యాయత్నం కేసు పెట్టేవారు. నిందితుడు బతికి లేడు కాబట్టి కేసు మూసేసేవారు. కాల్చినవారి పేరు ఏ కాగితంలోనూ నిందితుడిగా ఉండేది కాదు. దీనికి ఎదురువాదం మెట్టుమెట్టుగా సాగింది. మనిషిని చంపడం చట్టం దృష్టిలో ముందుగా నేరం. ఆత్మరక్షణ ఆ నేరానికి మినహాయింపు మాత్రమే. అప్పటి సాక్ష్యాధార చట్టం 105వ సెక్షన్ ప్రకారం మినహాయింపు కోరేవారే దాన్ని రుజువు చేసుకోవాలి. ఆ రుజువు చూడాల్సింది కోర్టు, దర్యాప్తు చేసే పోలీసు కాదు. కాబట్టి ముందు ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. ఈ మెట్లలో ఏ ఒక్కటి ఒప్పుకున్నా తర్వాతి దాన్ని కాదనడం కష్టం.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ దారిలోనే తీర్పు చెప్పింది. ఎన్‌కౌంటర్ మరణంపై ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని, ఆత్మరక్షణ వాదాన్ని దర్యాప్తు దశలోనే తేల్చేయడం కుదరదని, మెజిస్టీరియల్ విచారణ దానికి ప్రత్యామ్నాయం కాదని స్పష్టం చేసింది. ఆ కేసు నడిచింది బాలగోపాల్ పదేళ్ల క్రితం వదిలి వచ్చిన పౌరహక్కుల సంఘం పేరు మీదే. అభిప్రాయభేదం ఎంత లోతైనదైనా, సూత్రం కలిసిన చోట పని ఆగలేదు. తీర్పు అమలును సుప్రీంకోర్టు ఆ తర్వాత నిలిపివేసింది. ఆ ఏడాది అక్టోబరు 8న బాలగోపాల్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు.

ఆయన వ్యాస సంపుటాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి, చదువుతున్నారు కూడా. కానీ ఆయన పద్ధతి పూర్తిగా తెలియాలంటే నిజనిర్ధారణ నివేదికల్నీ, కోర్టు వాదనల్నీ వాటి పక్కన పెట్టుకుని చదవాలి. మన విశ్వవిద్యాలయాల న్యాయశాస్త్ర, సామాజికశాస్త్ర శాఖలు ఆ నివేదికల్ని సేకరించి, భద్రపరిచి, పాఠ్యాంశంగా తీసుకోవాలి. ఆయన చదివి, పాఠం చెప్పిన వరంగల్ ఈ పని మొదలుపెడితే బాగుంటుంది.