ఒక్క భుజం మీద రాజ్యం

మహమూద్ గవాన్ బీదరుకు కొలువు కోసం రాలేదు. 1453లో దాభోల్ రేవులో దిగిన ఇరానీ వర్తకుడాయన. అప్పటికే నలభై దాటిన వయసు. బీదరులో ఉన్న సూఫీ గురువు షా ముహిబ్బుల్లాను దర్శించుకుని, తెచ్చిన సరుకు అమ్ముకుని, ఢిల్లీ దారి పడదామనుకున్నాడు. బీదరునేలే బహమనీ సుల్తాను రెండో అలాఉద్దీన్ అహ్మద్ షా ఆయన్ని చూశాడు, ఇక వదల్లేదు. ఆ కొలువు ఇరవై ఎనిమిదేళ్లు సాగింది. నలుగురు సుల్తానుల కాలం గడిచింది. 1481 ఏప్రిల్ 5న మన కొండపల్లి దగ్గర సైనిక విడిదిలో, కత్తివేటుతో ముగిసింది.

పని మనిషిని లోపల్నించి తినేయడం గురించి, ఇప్పుడు అందరం బర్నౌట్ అంటున్న ఆ స్థితి గురించి ఎవరు మాట్లాడినా నాకు బీదరు గుర్తొస్తుంది. ఐదు వందల ఏళ్ల కిందటి మనుషులకు ఇప్పటి వైద్యుల మాట అంటగట్టడం న్యాయం కాదు, ఆ పని చేయను. కానీ మోయలేనంత పని ఒక మనిషి మీద పడటం, దాన్ని పంచుకోవాల్సినవాళ్లు పంచుకోకపోవడం, అలసిన బుద్ధి తీర్పు చెప్పాల్సి రావడం, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో బీదరు చరిత్ర చూపినంత బాధాకరంగా ఇంకేదీ చూపదు.

గవాన్ నెత్తిన ఎంత పడిందో చూడండి. తెలంగాణలో జలాల్ ఖాన్ తిరుగుబాటు అణచడంతో మొదలైంది ఆయన పని. 1458లో హుమాయూన్ షా గద్దెనెక్కాడు. జనం అతన్ని 'జాలిమ్' అని పిలుచుకున్నారంటే అతని కింద మంత్రిగా ఉండటం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 1461లో అతను పోయేసరికి వారసుడు ఎనిమిదేళ్ల నిజాం షా. తల్లి నర్గీస్ బేగం, మంత్రి ఖ్వాజా జహాన్ తుర్క్, గవాన్, ముగ్గురూ కలిసి రాజ్యం చూసుకోవాలి. పసివాడు గద్దె మీద ఉన్నాడని తెలియగానే మాళ్వా సుల్తాను బీదరు దాకా వచ్చిపడ్డాడు. గుజరాత్ నుంచి మహమూద్ బేగడా సాయం రాకపోతే ఆ రోజే అంతా అయిపోయేది. రెండేళ్లకు నిజాం షా కూడా పోయాడు. 1463లో తమ్ముడు మూడో మహమ్మద్ షా వచ్చాడు. వాడికి తొమ్మిదో పదో ఏళ్లు.

1466లో ఖ్వాజా జహాన్ తుర్క్‌ను నిండు దర్బారులో నరికేశారు. ఆ పిల్లసుల్తాను చూస్తుండగానే. బరువైన మంత్రిని ఎలా దించుకోవాలో పన్నెండేళ్ల పిల్లవాడు నేర్చుకున్న మొదటి పాఠం అదేనేమో అనిపిస్తుంది నాకు. ముగ్గురు మోసిన భారం ఆ తర్వాత గవాన్ ఒక్కడిదైంది.

1469 నుంచి కొంకణ్ దండయాత్ర. ఆ అడవుల్లో, వానల్లో ఆయన రాసిన ఉత్తరాలు 'రియాజుల్ ఇన్షా' అనే సంపుటంలో మిగిలాయి. ఎదురుగా ఉన్న శత్రువుల కంటే బీదరులో కూర్చుని తన పనికి అడ్డుపడుతున్న సొంత దర్బారు మనుషుల గురించే వాటిలో ఎక్కువ వేదన వినిపిస్తుంది. 1472లో గోవా చేతికొచ్చింది. వెంటనే బెళగావి. ఆ దండయాత్రలోనే రాజమాత కన్నుమూసింది. ఆ కుర్ర సుల్తానును అదుపులో ఉంచగలిగిన మనిషి, గవాన్‌కు దర్బారులో అండగా నిలిచిన మనిషి, ఆమె ఒక్కతే. ఆపైన వానలు లేక కరువు. తర్వాత కొండవీడు తిరుగుబాటు, ఒడిశా గజపతులతో పోరు, రాజమహేంద్రవరం. ఒకటి ముగిశాక ఇంకొకటి కాదు, ఒకదాని మీద ఇంకొకటి.

మధ్యలో పరిపాలనా సంస్కరణలు. నాలుగు తరఫులుగా, అంటే రాష్ట్రాలుగా, ఉన్న రాజ్యాన్ని ఎనిమిది చేశాడు. మన తెలంగాణ తరఫు రాజమహేంద్రవరం, వరంగల్ అని రెండైంది. తరఫుదారు చేతికింద ఒక్క కోటే, మిగతావన్నీ నేరుగా సుల్తానువి. లెక్కలో చూపినంతమంది సైనికులు లేకపోతే ఆ మేరకు తీసుకున్న సొమ్ము వెనక్కి కట్టాలి. భూములు కొలిపించాడు. మంచి పనులే, అవసరమైన పనులే. కానీ గవాన్‌ను ఎంత గౌరవించినా ఒక మాట చెప్పక తప్పదు. పక్కవాళ్ల అధికారం తగ్గించి అంతా కేంద్రానికి తెచ్చుకున్నప్పుడు, ఆ కేంద్రంలో కూర్చున్నది తానొక్కడే అయినప్పుడు, ప్రతి కాగితమూ తన ముందుకే వస్తుంది. తర్వాత పగ్గాలు పట్టేవాడిని ఆయన తయారుచేయలేదు. బాగా పనిచేసేవాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది. ఇంకొకరికి అప్పజెప్పేకన్నా తానే చేసేయడం తేలికనిపిస్తుంది, ఆ తేలికే ఉరితాడవుతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. చరిత్రకారుడు ఫిరిష్తా చెప్పిన ఒక సంగతి ఉంది. యుద్ధాల గురించి రాసినవాళ్లు దాన్ని దాటుకుంటూ పోతారు. నాకు మాత్రం గవాన్ కథంతా అందులోనే ఉందనిపిస్తుంది.

కొంకణ్ గెలిచి వచ్చిన గవాన్‌కు సుల్తాను ఆకాశమంత గౌరవం చేశాడు. స్వయంగా ఆయన ఇంటికి వచ్చి వారం రోజులు ఉన్నాడు. రాజమాత ఆయన్ని అన్నా అని పిలిచింది. సుల్తాను సెలవు తీసుకుని వెళ్లగానే గవాన్ ఒక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఒంటి మీది జరీ బట్టలు విప్పేశాడు. నేల మీద పడి ఏడ్చాడు. బయటికి వచ్చినప్పుడు ఫకీరు బట్టల్లో ఉన్నాడు. ఊళ్లోని పండితులను, బీదలను పిలిపించి, దాచుకున్న సొమ్మూ నగలూ అన్నీ పంచేశాడు. పుస్తకాలు, గుర్రాలు, ఏనుగులు మాత్రం ఉంచుకున్నాడు. ఎందుకలా అని ఒక పండితుడు అడిగితే చెప్పాడట: సుల్తాను ఇంటికొచ్చిన రోజుల్లో మనసులో అహంకారానికీ వివేకానికీ పెద్ద పెనుగులాట జరిగింది, ఆయన ఎదుటే తట్టుకోలేకపోయాను, ఏమైందని అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పాను, విశ్రాంతి తీసుకోమని ఆయన వెళ్లిపోయాడు. పుస్తకాలు విద్యార్థులవి, గుర్రాలూ ఏనుగులూ సుల్తానువి, అందుకే అవి పంచలేదు.

అరవై ఏళ్ల మనిషి, రాజ్యంలో రెండోవాడు, కాస్త ఒంటరిగా కూర్చోవడానికి ఒంట్లో బాగాలేదని చెప్పాల్సివచ్చింది. మనసు బాగాలేదని చెప్పే దారి ఆ దర్బారులో లేదు. సెలవు కావాలంటే జ్వరమని రాసే మన ఆఫీసుల్లో ఆ దారి ఇప్పటికీ ఎంతమందికి ఉంది?

న్యూయార్కులో ఉచిత వైద్యశాలలో పనిచేసే స్వచ్ఛంద సేవకులను గమనించి హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వవేత్త బర్నౌట్ గురించి రాసింది 1974లో. సోమరులు కాదు, పనిని ప్రాణంగా చూసుకున్నవాళ్లే ముందు కూలిపోతున్నారని ఆయన గమనించాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, చేస్తున్న పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనే భావన. దాన్ని రోగం అనలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అంది. క్రిస్టీనా మాస్లాక్ పరిశోధనలైతే పనిభారం ఒక్కటే కారణం కాదని తేల్చాయి. పని మీద పట్టు లేకపోవడం, ప్రతిఫలం దక్కకపోవడం, తోటివాళ్లతో సఖ్యత చెడటం, అన్యాయం జరగడం, నమ్మిన విలువకూ చేయాల్సిన పనికీ పొసగకపోవడం కూడా అంతే కారణాలు.

గవాన్ తనకు తెలిసినంతలో తేరుకునే దారి వెతుక్కున్నాడు, కొంత తేరుకున్నాడు కూడా. ఆ తర్వాత ముతక బట్టలే కట్టాడు. చాప మీద పడుకున్నాడు, మట్టికుండల్లో వండినది తిన్నాడు. తన ఖర్చులకు ఇరాన్ నుంచి తెచ్చుకున్న వ్యాపార పెట్టుబడి లాభమే వాడుకున్నాడు. దర్బారు పని అయ్యాక నేరుగా తాను కట్టించిన మదరసాకు వెళ్లేవాడు. 1472లో పూర్తయిన ఆ కట్టడం ఇప్పటికీ బీదరు నడిబొడ్డున సగం నిలబడి ఉంది. మూడంతస్తులు, నీలి రంగు పెంకుల పనితనం, విద్యార్థులకు గదులు, మూడు వేల రాతప్రతుల గ్రంథాలయం. పుస్తకాల మధ్య, చదువుకునే కుర్రాళ్ల మధ్య కూర్చుని ఆయన మళ్లీ మనిషయ్యేవాడు. శుక్రవారం రాత్రుళ్లు మారువేషంలో వీధుల్లో తిరిగి బీదలకు డబ్బిచ్చేవాడు, ఇచ్చింది సుల్తాను అని చెప్పేవాడు. తన గుర్తింపు లేకుండా చేసే పనిలో ఆయనకు ఊపిరాడిందని నేననుకుంటాను.

అయితే ఒక మనిషి తన బతుకు ఎంత సర్దుకున్నా చుట్టూ ఉన్న ఏర్పాటు మారకపోతే అది సగం వైద్యమే. దర్బారు మారలేదు. స్థానికులైన దక్కనీలు, విదేశాల నుంచి వచ్చిన ఆఫాకీలు రెండు ముఠాలై ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతూనే ఉన్నారు. తరఫులు చీలినందుకు, కోటలు పోయినందుకు రగిలిపోతున్న దక్కనీ సర్దారుల నాయకుడు నిజాముల్ ముల్క్ మలిక్ హసన్. 1481 వసంతంలో సుల్తాను మహమ్మద్ కాంచీపురం దాకా పోయి దోచి తిరిగొచ్చి కొండపల్లిలో దిగాడు. ఏళ్ల తరబడి యుద్ధాలు, తాగుడు. గవాన్ పెంచిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ అప్పుడు విడిదిలో లేడు.

గవాన్ ముద్ర ఒక హబ్షీ బానిస దగ్గర ఉండేది. మలిక్ హసన్ మనుషులు వాడితో స్నేహం చేసి, తాగించి, మడతపెట్టిన ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద ఒడిశా గజపతికి ఉత్తరం రాసుకున్నారు: సుల్తాను తాగుబోతు, దండెత్తి రా, సాయం చేస్తాను. అది సుల్తానుకు చూపించారు. సుల్తాను నుంచి కబురొచ్చినప్పుడు పారిపొమ్మని స్నేహితులు గవాన్‌ను వేడుకున్నారు, గుజరాత్‌కు గుర్రాలు సిద్ధంగా ఉన్నాయన్నారు. ఈ ఇంటి కొలువులో నెరిసిన గడ్డం ఈ ఇంటి కోసం ఎర్రబడితే తప్పేముంది అన్న అర్థంలో జవాబిచ్చి లేచాడు. ద్రోహం చేసిన సేవకుడికి ఏం శిక్ష అని సుల్తాను అడిగాడు. మరణం అన్నాడు. ఉత్తరం చూపించారు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు. మద్యం మత్తులో ఉన్న సుల్తాను జౌహర్ అనే బానిసకు ఆజ్ఞ ఇచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత గవాన్ ఖజానా వెతికించారు. కోట్లు ఉంటాయనుకున్నారు. లెక్కకు వచ్చేంత ఏమీ లేదు. అప్పుడే గవాన్ మనుషుల్లో ఒకడు అడిగాడు: ఉత్తరం పట్టుకున్నారు సరే, దాన్ని మోసుకెళ్తున్నవాడిని ఎందుకు పట్టుకోలేదు? మలిక్ హసన్ దగ్గర జవాబు లేదు. తాగుడు మానని, నిద్ర తీరని, యుద్ధం నుంచి యుద్ధానికి పరుగెత్తిన సుల్తాను బుద్ధికి అంత చిన్న ప్రశ్న ముందు తోచలేదు. దీన్ని కేవలం క్రూరత్వంగా చదివితే సగమే చదివినట్టు. అలసిన తల మొదట పోగొట్టుకునేది రెండో ప్రశ్న వేసే ఓపికే.

గవాన్ శవపేటికను బీదరుకు పంపించినవాడు సుల్తానే. ఆ తర్వాతి ఏడాది అతని వంతు. సర్దారులు యూసుఫ్ ఆదిల్ ఖాన్, ఇమాదుల్ ముల్క్ తమ గుడారాలు దూరంగా వేసుకున్నారు. గవాన్ లాంటివాడికే ఆ గతి పడితే మేమెంత అన్నారు. దగ్గరకు రమ్మని సుల్తాను బతిమాలాడు. దూరం నుంచి సలాము చేసి, వెంట నడిచి, ఊరి బయటే ఆగిపోయారు. సుల్తాను చుట్టూ మిగిలింది ఉత్తరం తెచ్చినవాళ్లే. దుఃఖం చెప్పుకోవాలంటే ఆ దుఃఖానికి కారకులకే చెప్పుకోవాలి. అతను తాగాడు, ఇంకా తాగాడు. కుప్పకూలిన మనిషికి నిద్ర కావాలి, పని నుంచి విడుదల కావాలి, తీర్పు చెప్పకుండా వినేవాళ్లు కావాలి, వైద్యుడు కావాలి. మత్తు వీటిలో దేనికీ బదులు కాదు. తొమ్మిదో పదో ఏళ్లకే గద్దెనెక్కినవాడికి ఆ భారాన్ని కొన్నాళ్లు దించిపెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. 1482 మార్చిలో, ముప్పై అయినా నిండకుండానే చనిపోయాడు. మహమూద్ గవాన్ నన్ను చీల్చేస్తున్నాడని చివరి ఘడియల్లో అరిచాడని ఫిరిష్తా రాశాడు.

కొడుకు మహమూద్ షా పన్నెండేళ్లకు గద్దెనెక్కాడు. ఆ పిల్లవాడి తరఫున రాజ్యం చూసుకోవడానికి మలిక్ హసన్ మంత్రి అయ్యాడు, 1486లో అతన్నీ చంపేశారు. అహ్మద్‌నగర్‌లో అతని కొడుకు అహ్మద్, బీజాపూర్‌లో యూసుఫ్, బేరారులో ఇమాదుల్ ముల్క్, తర్వాత గోల్కొండలో కులీ కుతుబ్, ఒక్కొక్కరూ విడిపోయారు. బీదరు బరీద్ వంశం చేతికి పోయింది. మహమూద్ షా 1518లో పోయేదాకా సుల్తాను అనే పేరు మాత్రం అతనిదే.