నడుము నొప్పి చరిత్ర

నడుము నొప్పి ఎరుగని ఇల్లు ఉండదు. నొప్పి ఉన్న చోటనే దాని కారణమంతా ఉండితీరాలని మనకు తోస్తుంది. వైద్యులు కూడా చాలాకాలం ఇట్లే తలచినారు. ఈ భావన ఎట్లు మారినదో తెలిసికొంటే, నొప్పితో బాధపడేవారిని ఎట్లు చూడవలెనో కూడా తెలుస్తుంది.

17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ నొప్పికి ఒక ఉపమానం చెప్పినాడు. త్రాడు ఒక కొసను లాగితే రెండవ కొసన గంట మ్రోగుతుంది. అట్లే పాదానికి నిప్పు తగిలితే నరం ద్వారా మెదడుకు ఆ వార్త అందుతుందని ఆయన ఊహ. దెబ్బ ఎంతో నొప్పి అంతే అనే నమ్మకం ఇట్టి ఊహలతో బలపడినది.

1934లో అమెరికా శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్ ఒక ముఖ్య విషయం ప్రకటించినారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ల, అనగా డిస్కు, చిట్లి నరాన్ని ఒత్తితే కాలిలోకి నొప్పి ప్రాకుతుంది. ఇది నిజమే, శస్త్రచికిత్స వల్ల కొందరికి మేలు కలిగినది. కాని క్రమంగా నడుము నొప్పులనేకం డిస్కుకే అంటగట్టబడినవి. రోగులను రోజుల తరబడి మంచం మీద పడుకోబెట్టడం పరిపాటి అయినది.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చినది. ఇటలీ రణరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను అమెరికా వైద్యుడు బీచర్ ప్రశ్నించగా, నాల్గింట మూడు వంతుల మంది నొప్పికి మందు అక్కరలేదన్నారు. ప్రాణాలతో యుద్ధం నుండి బయటపడినామన్న ఊరట దీనికి కారణమని ఆయన భావించి, 1946లో వెల్లడించినాడు. గాయానికీ నొప్పికీ గంట, త్రాడు సంబంధం లేదన్నమాట.

మరి దీనికి శరీరంలో ఆధారమేమి? 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు, వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటున్నదని ప్రతిపాదించినారు. పైకి పోయే నొప్పి వార్తలను మెదడు నుండి దిగివచ్చే ఆజ్ఞలు తగ్గించగలవు, హెచ్చించగలవు. ఈ సిద్ధాంతపు వివరాలు తరువాత సవరింపబడినా, మూలసూత్రం నిలిచినది.

1977లో అమెరికా వైద్యుడు జార్జి ఎంగెల్, వ్యాధిని శరీరం, మనస్సు, సంఘం అనే మూడు వైపుల నుండి చూడవలెనని వాదించినాడు. స్కాట్లండుకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు గోర్డన్ వాడెల్ 1987లో ఈ దృష్టిని నడుము నొప్పికి అన్వయించి, విశ్రాంతికి బదులు తిరిగి పనిలో నిలబెట్టడమే చికిత్స లక్ష్యం కావలెనన్నాడు.

బస్తాలు మోసే కూలీకి నడుము పట్టినదనుకొందాం. కండరం బెణకడం శరీర విషయం. వంగితే వెన్ను విరుగుతుందన్న భయం మనస్సుది. కూలి పోయి ఇల్లు గడవకపోవడం సంఘ విషయం. భయంతో కదలక పడుకొంటే కండరాలు బలహీనమై, దిగులు హెచ్చి, నొప్పి పాతుకొంటుంది. అతని నొప్పి కల్పన కాదు. మూడు కారణాలూ కలిసి కలిగించిన నిజమైన బాధ.

తరువాతి పరిశోధనలు ఈ దృష్టిని బలపరచినవి. 1994లో నడుము నొప్పి లేని 98 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించగా, నూటికి 64 మందికి డిస్కులలో ఏదో ఒక మార్పు కనిపించినది. 1995లో ఫిన్లండులోని హెల్సింకి నగరోద్యోగులు 186 మందిపై పరీక్ష జరిగినది. రెండు రోజులు మంచం పట్టినవారి కంటె, వ్యాయామం చేసినవారి కంటె, ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకొన్నవారే త్వరగా కోలుకొన్నారు.

అయితే కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం తోడైనా ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. అట్టి ప్రమాదం లేదని తేలిన తరువాత, మంచి వైద్యుడు నొప్పి ఎక్కడ అని అడిగి ఊరుకోడు. దేనికి భయపడుతున్నావు, ఏ పని ఆగిపోయినది అని కూడా అడుగుతాడు. ఈ ప్రశ్నలు చికిత్సలో భాగం కావడానికి మూడు శతాబ్దాలు పట్టినది.