మూడు భాషల ‘చండీరాణి’

1953వ సంవత్సరము మదరాసు తెలుగువారికి మరపురానిది. ఆ యేడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. మదరాసు నగరము మాత్రము దాని యెల్లలకు వెలుపలనే నిలిచిపోయెను. తరతరములుగా అచ్చట స్థిరపడినవారికి తమ భాష యేమగునోయను చింత సహజము. ఆ యేటనే ఆ నగరమునుండి ఒక తెలుగు వనిత దర్శకత్వమున ‘చండీరాణి’ తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను వెలువడెను. ఆమె శ్రీమతి భానుమతి.

ఒంగోలు ప్రాంతపు దొడ్డవరము ఆమె జన్మస్థలము. సంగీతప్రియులైన తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే తొలి గురువు. 1939లో చిత్తజల్లు పుల్లయ్యగారి ‘వరవిక్రయము’న బాలికగనే నటించెను. 1943లో పి. యస్. రామకృష్ణారావుగారిని వివాహమాడి, నటనకు స్వస్తి చెప్పదలచినను, 1945లో బి. యన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ ఆమెను మరల తెరపైకి రప్పించెను. పిమ్మట దంపతులు తమ కుమారుని పేర భరణీ సంస్థను నెలకొల్పిరి. 1949లో ఆ సంస్థ ‘లైలామజ్ను’ను నిర్మించెను, ఆ యేటనే ఆమె జెమినీవారి తమిళ ‘అపూర్వ సహోదరర్‌గళ్’లోను, హిందీ ‘నిషాన్’లోను నటించెను.

దక్షిణదేశమున స్త్రీ చిత్రదర్శకత్వము వహించుట అదియే మొదలు కాదు, 1936లోనే టి. పి. రాజలక్ష్మి తమిళమున ‘మిస్ కమల’ను తీసెను. కాని తెలుగున ఆ బాట వేసినది భానుమతియే. ‘చండీరాణి’లో కవలలైన అక్కచెల్లెండ్ర పాత్రలు రెండును ఆమెవే. నటించుచు, పాడుచు, ఇతరుల నటనను దిద్దుచు, మూడు భాషలలో నడిపించుట సామాన్యమైన పని కాదు. సొంత సంస్థ ఆమెకు అధికార మిచ్చెను; పొరుగుభాషలయందలి పరిచయము ఆ అధికారమునకు బలమిచ్చెను.

తదుపరి 1974లో తెలుగున ‘అమ్మాయి పెళ్లి’కిని, 1975లో తమిళమున ‘ఇప్పడియుం ఒరు పెణ్’కును, 1982లో బాలనటులతోనే నడచిన ‘భక్త ధ్రువ మార్కండేయ’కును దర్శకత్వము వహించెను. తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు అధిపతిగా పనిచేసెను. 2005 డిసెంబరు 24న ఆ నగరముననే కన్నుమూసెను.

ఇంతకాలము తమిళుల నడుమ జీవించి, వారి మన్నన పొందియు, ‘అత్తగారి కథలు’ను ఆమె అచ్చమైన ఇంటి తెలుగులోనే వ్రాసెను. పొరుగుభాష నేర్చినచో ఇంటిభాష పోవునని భయపడు తల్లిదండ్రులు నేటికిని మనలో కలరు. వారికి భానుమతి జీవితమే చాలిన సమాధానము.